మొదటి కాన్పు బీపీతో 33 వారాలకే అయింది, రెండో కాన్పుకు ఎలా సిద్ధం కావాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. ఊరు పత్తికొండ దగ్గర. మీ భార్యకు 26 ఏళ్లు, వరసకు మేనమామ కూతురు. మూడేళ్ల కింద మొదటి కాన్పులో బీపీ పెరిగి 33 వారాలకే సిజేరియన్ చేశారు. బిడ్డను మూడు వారాలు పిల్లల వార్డులో ఉంచి ఇచ్చారు, ఇప్పుడు బాగుంది. మళ్లీ నెల తప్పింది, 11 వారాలు. రక్తం (హిమోగ్లోబిన్) 8.4 గ్రాములు, బీపీ 130/86, బరువు 50 కిలోలు. పీహెచ్‌సీలో కార్డు మీద ఎర్ర స్టిక్కరు అతికించి ‘హై రిస్క్, కర్నూలుకు పొండి’ అన్నారు. కర్నూలు చాలా, హైదరాబాదు పోవాలా, ఏడో నెలలో సీమంతం చేసి తాడిపత్రిలో పుట్టింటికి పంపొచ్చా అని మీ ప్రశ్న.

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తా. ఏడో నెలలో పంపొద్దు. సీమంతం చేసుకోండి, గాజులు తొడిగించండి, కానీ ఆమెను ఆ రోజు బండెక్కించొద్దు. పోయినసారి జబ్బు బయటపడింది 33 వారాలకు. ఈసారి తిరగబెడితే ఇంచుమించు అప్పుడే, లేదా అంతకంటే కాస్త ముందూ వెనకా రావచ్చు. 28 నుంచి 34 వారాల మధ్య క్రమం తప్పకుండా ఒకే చేయి చూడాల్సిన సమయంలో మనవాళ్లు ఆసుపత్రి మారుస్తారు. ఇక్కడ కర్నూలు ఫైలు, అక్కడ అనంతపురం పెద్దాసుపత్రిలో కొత్త ఓపీ చీటీ. అక్కడి డాక్టరుకు మొదటి మూడు నెలల బీపీ ఎంతో తెలియదు, ఆస్పిరిన్ ఎప్పుడు మొదలైందో తెలియదు, కడుపు మీది కోత లోపల ఎలా వేశారో తెలియదు. హై రిస్క్ కాన్పుల్లో ప్రాణాల మీదికి వచ్చేది చాలాసార్లు జబ్బు కొత్తదై కాదు, ఇలా చేతులు మారే చోట మాట తెగిపోయి. పుట్టింటికే పోవాలనుకుంటే 20 వారాలలోపే పంపి, అనంతపురంలో పేరు రాయించి, చివరిదాకా అక్కడే చూపించండి. లేదంటే వాళ్లమ్మనే మీ ఇంటికి రమ్మనండి. రెండూ పద్ధతే. సగం ఇక్కడ, సగం అక్కడ అన్నది మాత్రం పద్ధతి కాదు.

పోయిన కాన్పు డిశ్చార్జి కాగితం ఎక్కడుందో ఇవాళే వెతకండి. పోయి ఉంటే ఆ ఆసుపత్రి రికార్డు గదికి పోయి ఐపీ నంబరు, తేదీ చెప్పి నకలు అడగండి. అందులో చూడాల్సింది ఒక్క మాట. ‘ఎల్‌ఎస్‌సీఎస్’ అని ఉంటే గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోశారని. ‘క్లాసికల్’ అనో, పైభాగంలో నిలువు కోత అనో ఉంటే కథ వేరు. 33 వారాలప్పుడు కింది భాగం ఇంకా సాగి పలచబడి ఉండదు, అందుకే నెలలు నిండని కాన్పుల్లో అప్పుడప్పుడు నిలువుగా కోయాల్సి వస్తుంది. పైన చర్మం మీద అడ్డగీత కనిపిస్తోంది కదా అని లోపలా అడ్డమే అనుకోవద్దు. నిలువు కోత ఉన్నవాళ్లకు నొప్పులు రానివ్వకూడదు, కుట్టు విడిపోయే ప్రమాదం ఎక్కువ. వాళ్లకు 36, 37 వారాలకే తేదీ పెట్టి ఆపరేషన్ చేస్తారు. అడ్డకోతైతే, బీపీ అన్నీ బాగుంటే, 39 వారాల దాకా ఆగొచ్చు. ఈ ఒక్క కాగితం లేకపోతే డాక్టరు ఊహించి నిర్ణయం తీసుకోవాలి.

ఇక ఈ పది రోజుల్లో జరగాల్సినవి. 14 వారాలలోపు ఒక స్కాను తప్పనిసరి. 11 నుంచి 13 వారాల 6 రోజుల మధ్య, బిడ్డ మెడ వెనక నీటిపొర మందం చూసే ఎన్‌టీ స్కానైతే వయసు, లోపాల అనుమానం రెండూ ఒకేసారి చూసినట్టవుతుంది. ఆ స్కానుతో బిడ్డ వయసు ఖాయం అవుతుంది. ఆ తర్వాత ఏ స్కానులో ఏ తేదీ వచ్చినా కాన్పు తేదీ మార్చకూడదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. బీపీ జబ్బులో మాయ నుంచి రక్తం సరిగా అందక బిడ్డ పెరుగుదల ఆగుతుంది. 30 వారాలకు స్కాను తీస్తే బిడ్డ 27 వారాల సైజులో ఉంటుంది. మొదటి స్కాను లేకపోతే ‘నెలల లెక్క తప్పిందేమోలే, కాన్పు తేదీ మూడు వారాలు ఆలస్యంగా వేద్దాం’ అంటారు. అక్కడే అసలు జబ్బు కాగితం కింద దాగిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ‘ఎనిమిది పడింది, తొమ్మిది పడింది’ అని చెప్పే లెక్క కూడా డాక్టరు ముందు వాడొద్దు, వారాలు చెప్పండి. అదే స్కానులో బిడ్డ సంచి పాత కుట్టుకు దగ్గరగా అతుక్కుందా అని, గర్భసంచికి పోయే రక్తనాళాల డాప్లరు (రక్తం పారే తీరు చూపే స్కాను) కూడా చూడమని అడగండి.

రెండోది ఆస్పిరిన్. మొదటి కాన్పులో 34 వారాలకు ముందే బీపీతో బిడ్డను తీయాల్సి వచ్చినవాళ్లలో రమారమి ముగ్గురిలో ఒకరికి మళ్లీ వస్తుంది. దాన్ని తగ్గించే మందుల్లో ముఖ్యమైనది ఇదే, చవకైనది కూడా. రాత్రి పడుకునేముందు 150 మి.గ్రా., అంటే 75 బిళ్లలు రెండు. 12 వారాలకు మొదలుపెట్టి 36 వారాల దాకా. 16 వారాలు దాటాక మొదలుపెడితే ఫలితం బాగా తగ్గుతుంది, ఎందుకంటే మాయ వేళ్లు గర్భసంచి రక్తనాళాల్లోకి దిగి వాటిని వెడల్పు చేసుకునే పని అప్పటికి చాలావరకు అయిపోతుంది. కడుపులో పుండు, ఆస్పిరిన్‌తో ఆయాసం వచ్చే ఉబ్బసం, రక్తం ఆగని జబ్బు ఉంటే ముందే చెప్పాలి. మందుల షాపులో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. చీటీలో ‘ఎకోస్ప్రిన్ 150’ అని రాస్తే, అది లేదని ‘ఎకోస్ప్రిన్ ఏవీ’ లేదా ‘ఎకోస్ప్రిన్ గోల్డ్’ ఇస్తారు. అవి గుండె జబ్బువాళ్లకిచ్చేవి. వాటిలో కొలెస్ట్రాల్ మందు కలిసి ఉంటుంది, గోల్డ్‌లో రక్తం పలచబరిచే మరో మందు కూడా. షీటు వెనక తిప్పి ‘ఆస్పిరిన్’ తప్ప ఇంకో పేరు ఉంటే తీసుకోవద్దు.

దీనితోపాటు కాల్షియం 500 మి.గ్రా. రోజుకు రెండు, నాలుగో నెల నుంచి. ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. మన తిండిలో కాల్షియం తక్కువ కాబట్టి బీపీ జబ్బును తగ్గించడంలో దీనికీ వాటా ఉంది. కాకపోతే ఐరన్ బిళ్లతో కలిపి మింగితే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. మధ్యలో కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. పొద్దున టిఫిన్ తర్వాత కాల్షియం, మధ్యాహ్నం ఐరన్, రాత్రి అన్నం తర్వాత కాల్షియం, పడుకునేటప్పుడు ఆస్పిరిన్ అని గోడమీద రాసి పెట్టండి. రోజుకు రెండు ఐరన్ బిళ్లలైతే రెండోది సాయంత్రం నాలుగింటికి.

రక్తం 8.4 గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో బీపీ కంటే దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. 10 నుంచి 10.9 కొద్దిపాటి రక్తహీనత, 7 నుంచి 9.9 మధ్యస్థం, 7 కంటే తక్కువైతే తీవ్రం. మీవాళ్లది మధ్యస్థం. మామూలుగా నాలుగో నెల నుంచి రోజుకు ఒక ఎర్ర ఐరన్ బిళ్ల ఇస్తారు, అందులో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. మీవాళ్లకు రోజుకు రెండు కావాలి. నిమ్మనీళ్లతో వేసుకుంటే పడుతుంది. టీతో, కాఫీతో, పాలతో వేసుకుంటే చాలావరకు కడుపులోంచి అలాగే బయటికి పోతుంది. విరేచనం నల్లగా రావడం బిళ్ల పని చేస్తోందనడానికి గుర్తూ కాదు, చెడ్డదీ కాదు. అది చూసి భయపడి మానేసేవాళ్లు చాలామంది. నాలుగో నెలలో నులిపురుగుల బిళ్ల, ఆల్బెండజోల్ 400 మి.గ్రా., ఒక్కసారి.

నెల తర్వాత మళ్లీ రక్తం చూడాలి. కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగలేదంటే బిళ్లలు సరిగ్గా వేసుకోవడం లేదు, లేదా ఇనుము కొరత ఒక్కటే కారణం కాదు. బి12 లోపం ఉండొచ్చు, తలసీమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు) వాహకురాలు కావొచ్చు. మీది మేనరికం కాబట్టి ఈ చివరిది వదలొద్దు. హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్షలో హెచ్‌బీఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) శాతం 3.5 దాటితే మీరూ అదే పరీక్ష చేయించుకోవాలి. ఇద్దరికీ ఉంటే బిడ్డకు పెద్ద తలసీమియా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అది తెలుసుకుని నిర్ణయం తీసుకోవడానికి వారాలు పడుతుంది, అందుకే ఇప్పుడే చేయించుకోవాలి. మేనరికం వల్ల బిడ్డకు అవయవ లోపాలు వచ్చే అవకాశం కూడా కొంత పెరుగుతుంది కనుక 18 నుంచి 20 వారాల మధ్య టిఫా స్కాను మంచి మిషను, అనుభవం ఉన్నచోట చేయించండి. ఐదో నెల దాటాక చేస్తే లోపం తెలిసినా చేయగలిగింది తగ్గిపోతుంది.

బిళ్లలతో పెరగకపోతే రక్తనాళం ద్వారా ఐరన్ ఎక్కిస్తారు, మొదటి మూడు నెలల్లో మాత్రం కాదు. ఎంత కావాలన్నది లెక్క ఉంది. బరువును, పెరగాల్సిన గ్రాములతో, 2.4తో గుణించి, నిల్వకు 500 కలపాలి. 50 కిలోలు, 8.4 నుంచి 11కు అంటే 2.6 గ్రాములు. 50 × 2.6 × 2.4 = 312. దానికి 500 కలిపితే 812 మి.గ్రా. ఐరన్ సుక్రోజ్ అయితే ఒకసారికి 200 మి.గ్రా. సెలైన్‌లో కలిపి రోజు మార్చి రోజు, నాలుగుసార్లు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒకే విడతలో 15, 20 నిమిషాల్లో అయిపోతుంది. ఊరి నుంచి నాలుగుసార్లు తిరగలేనివాళ్లకు ఇదే మేలు. ఒక్క సీసా ఎక్కించి ‘రక్తం ఎక్కించినాం’ అని పంపేస్తే మీరు ఈ లెక్క చెప్పి మిగతాది అడగండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర, ఇంట్లో మంచం మీద ఎక్కించుకోవద్దు. అరుదుగా ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం వస్తుంది, అప్పుడు అడ్రినలిన్ చేతిలో ఉండాలి.

ఇంత పట్టు ఎందుకంటే, సిజేరియన్‌లో గానీ కాన్పులో గానీ మామూలుగా పోయే రక్తాన్ని 11 ఉన్న మనిషి తట్టుకుంటుంది. 7 ఉన్న మనిషికి అదే రక్తస్రావం ప్రాణాంతకం కావొచ్చు. దానిమీద బీపీ కూడా ఉంటే ప్లేట్‌లెట్లు పడిపోయి ఇంకా ఎక్కువ పోతుంది. 34 వారాలకల్లా 10 దాటించడం లక్ష్యంగా పెట్టుకోండి.

బీపీ 130/86. ఇది జబ్బు గీత 140/90 కింద ఉంది గానీ మూడో నెలలో ఇంత ఉండటం నాకు నచ్చదు. గర్భంలో బీపీ నాలుగు, ఐదు నెలల్లో సహజంగా తగ్గి, ఏడో నెల నుంచి మళ్లీ లేస్తుంది. ఐదో నెలలో 116/74 చూసి ‘బాగైపోయింది’ అనుకుని ఓపీ మానేయొద్దు. ఆ తగ్గుదల ఆమె ఒంటి తీరు, మందుల గొప్పతనం కాదు.

ఇంట్లో ఒక మిషను కొనండి. చేతికి పైభాగంలో కట్టేదే, మణికట్టుకు కట్టేది కాదు. మొదటిరోజు ఆసుపత్రికి తీసుకుపోయి అక్కడి మిషనుతో పోల్చి చూసుకోండి. కొలిచే తీరు ఇలా. మూత్రం పోసి వచ్చి, కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేలమీద ఆనించి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చేయి బల్లమీద గుండె ఎత్తులో. పట్టీ మోచేతి మడతకు రెండు వేళ్ల పైన, బట్ట మీద కాకుండా చర్మం మీద, కింద రెండు వేళ్లు దూరేంత బిగువు. చేయి లావుగా ఉంటే పెద్ద పట్టీ తీసుకోవాలి, చిన్నది కడితే లేని బీపీ చూపిస్తుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, పుస్తకంలో తేదీతో. 20 వారాల దాకా వారానికి రెండు రోజులు, తర్వాత రోజూ. 140/90 వస్తే పావుగంట ఆగి మళ్లీ చూసి, అంతే ఉంటే అదే రోజు డాక్టరుకు చెప్పాలి. పైది 160 లేదా కిందిది 110 చేరితే ఫోన్లు చేసుకుంటూ కూర్చోవద్దు, 108 పిలిచి బయల్దేరండి. ఆసుపత్రిలో ఆ బీపీని అరగంట నుంచి గంటలోపు దించాలి, లేకపోతే మెదడులో నరం చిట్లొచ్చు.

మందు మొదలుపెడితే లాబెటలాల్, నిఫెడిపిన్ రిటార్డ్, మిథైల్‌డోపా ఈ మూడింటిలోనే ఉంటుంది. ఉబ్బసం ఉంటే లాబెటలాల్ వద్దు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. మీ నాన్నకో అత్తకో బీపీ ఉండి ఇంట్లో ఆ బిళ్లలు ఉంటే పొరపాటున కూడా ఇవ్వొద్దు. నిఫెడిపిన్ క్యాప్స్యూల్‌కు సూదితో పొడిచి నాలుక కింద చుక్కలు వేసే పాత అలవాటు ఇంకా అక్కడక్కడ ఉంది. బీపీ ఒక్కసారిగా పడిపోయి బిడ్డకు రక్తం అందదు. అలా వేయబోతే వద్దనండి. బీపీ మామూలుకు వచ్చిందని బిళ్ల ఆపేయడం ఇంకో తప్పు. బిళ్ల వేసుకుంటున్నారు కాబట్టే మామూలుకు వచ్చింది.

కాళ్లకు నీరు వస్తే ఊళ్లో ‘నీరు దిగే ఇంజెక్షన్’ వేస్తారు. బీపీ జబ్బులో ఒళ్లంతా వాచి ఉన్నా రక్తనాళాల లోపల నీరు తక్కువే ఉంటుంది. ఆ ఇంజెక్షన్‌తో ఉన్నదీ మూత్రంలో పోయి మాయకు రక్తం ఇంకా తగ్గుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఆ మందు ఇవ్వాలి గానీ, పాదాల వాపుకు కాదు. అలాగే ఉప్పు పూర్తిగా మానేయడం, రోజంతా మంచానికి అతుక్కుపోవడం కూడా దీన్ని ఆపవు. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే భయం ఒకటి పెరుగుతుంది. ఇంటిపనులు చేసుకోవచ్చు. నీళ్ల బిందెలు, చేను పని, ఎండలో నడక వద్దు.

అక్టోబరు, నవంబరులో మీ వైపు సగం ఊరు సుగ్గికి (కూలిపనుల వలసకు) పోతుంది. గుంటూరు, పల్నాడు మిరప చేలకు పోయే గర్భిణులు డేరాల్లోనే నెలలు గడుపుతారు, అక్కడి ఏఎన్‌ఎంకు వీళ్ల పేరు రిజిస్టరులో ఉండదు. మీరు పోతే పొండి, ఆమెను తీసుకుపోవద్దు, ఒంటరిగా ముసలివాళ్ల దగ్గర వదిలిపెట్టనూ వద్దు. రాత్రి ఒంటిగంటకు 108కి ఫోన్ చేసి, ఫైలు పట్టుకుని ఆమె వెంట బండెక్కే ఒక మనిషి ఆ నెలలన్నీ ఇంట్లో ఉండాలి.

ఏ గుర్తులకు బయల్దేరాలో ఆ మనిషికి తెలియాలి. పారాసెటమాల్‌కు తగ్గని తలనొప్పి. కళ్లముందు మసకలు, మెరుపులు. ముఖం, చేతులు ఉబ్బడం, వారంలో కిలోకు పైగా బరువు పెరగడం. మూత్రం తగ్గడం. బిడ్డ తిరగడం తగ్గిందనిపిస్తే తిన్నాక ఎడమ పక్కకు పడుకుని లెక్కపెట్టాలి, రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే ఆసుపత్రికే. వీటన్నింటికంటే ఎక్కువ మోసం చేసేది పక్కటెముకల కింద కుడివైపు లేదా రొమ్ము కింద నడిమధ్య వచ్చే నొప్పి, దానితో వాంతి. ఇంట్లో అందరూ దాన్ని గ్యాస్ అంటారు, ఓమనీళ్లు ఇస్తారు, సోడా తాగిస్తారు, పొద్దున చూద్దాం అంటారు. ఆ నొప్పి కాలేయం వాచినదై ఉండొచ్చు. ప్లేట్‌లెట్లు పడిపోతూ, రక్తకణాలు చిట్లుతూ ఉండొచ్చు. 20 వారాలు దాటిన మనిషికి, మొదటి కాన్పులో బీపీ ఉన్నదానికి, గ్యాస్ అనే మాట ఎవరూ అనకూడదు. బీపీ చూడాలి, మూత్రంలో ప్రొటీన్ చూడాలి, ప్లేట్‌లెట్లు, కాలేయం, కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చేయాలి. ప్లేట్‌లెట్లు లక్ష కిందికి, క్రియాటినిన్ 1.1 పైకి పోతే తీవ్రమైన రకం కింద లెక్క.

షుగర్ గురించి ఒక్క మాట. 75 గ్రాముల గ్లూకోజు 300 మి.లీ. నీళ్లలో కలిపి తాగించి రెండు గంటలకు చూస్తారు, 140 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే గర్భిణుల షుగర్. ఇప్పుడొకసారి, 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ. తాగిన అరగంటలోపు వాంతి అయితే ఇంకోరోజు చేయించాలి. షుగర్ తేలితే ‘అన్నం మానేసి రాగిసంగటి తింటున్నా’ అని చాలామంది ధీమాగా చెప్తారు. సంగటిలో బియ్యం నూకలు ఎంత పడ్డాయో, ముద్ద ఎంత పెద్దదో దాన్ని బట్టే షుగర్. పిడికెడు ముద్ద, రెండింతలు ఆకుకూర పప్పు, ఒక గుడ్డు అంటే సరే.

ఇప్పుడు కర్నూలా, హైదరాబాదా అన్నది. బీపీ, రక్తహీనత, పాత సిజేరియన్, ఇంతవరకు ఉన్న వాటికి కర్నూలు పెద్దాసుపత్రి చాలు. మెడికల్ కాలేజీకి అనుబంధమైన ఆసుపత్రి అది. మత్తు డాక్టరు, రక్తనిధి, నెలలు నిండని పిల్లల వార్డు, ఫిజీషియన్లు ఒకే ఆవరణలో రాత్రీపగలూ ఉంటారు. గద్వాల వైపు నుంచి, రాయచూరు వైపు నుంచి కూడా కేసులు వచ్చేది అందుకే. రద్దీ ఉంటుంది, మంచం దొరకడం కష్టంగా ఉంటుంది, అది నిజం. ప్రైవేటుకు పోదలిస్తే భవనం చూసి కాదు, మూడు ప్రశ్నలు అడిగి తేల్చుకోండి. రాత్రి రెండింటికి ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరు ఎన్ని నిమిషాల్లో వస్తారు? రక్తం ఎక్కడి నుంచి తెస్తారు? 32 వారాల బిడ్డ పుడితే వెంటిలేటరు ఇక్కడే ఉందా, బిడ్డను వేరే ఆసుపత్రికి పంపుతారా? మూడో దానికి ‘పంపుతాం’ అంటే ఆ ఆసుపత్రి మీకు కాదు. బిడ్డను పుట్టాక అంబులెన్సులో తిప్పడం కంటే కడుపులో ఉండగానే సరైనచోటికి చేర్చడం ఎప్పుడూ మేలు.

కర్నూలు దాటి ఇంకో రెండు వందల కిలోమీటర్ల హైదరాబాదు ప్రయాణం ఎప్పుడు అవసరమంటే, టిఫాలో పుట్టగానే ఆపరేషన్ చేయాల్సిన లోపం కనిపిస్తే, ఆమెకు గుండె కవాటం జబ్బు తేలితే, లేదా మాయ పాత కుట్టు మీద కూర్చుని గర్భసంచి గోడలోకి వేళ్లు దించిందని అనుమానం వస్తే. ఈ మూడోది 20 వారాల స్కానులో మాయ ముందువైపు కిందికి ఉంటే అడగాలి, 28, 32 వారాలకు మళ్లీ చూడాలి. అలాంటి ఆపరేషన్‌కు చాలా రక్తం, ఒక్కోసారి గర్భసంచి తీసేయడం, యూరాలజీ సర్జను సాయం కావాలి. ఎక్కడ చేయించాలో 30 వారాలకల్లా తేలిపోవాలి. నొప్పి లేకుండా ఎర్రగా రక్తం కనిపిస్తే మాయ కింద ఉందనుకుని, చేత్తో లోపలి పరీక్ష చేయనివ్వకుండా నేరుగా కర్నూలు చేరాలి.

ఓపీ వరస ఇలా పెట్టుకోండి. 28 వారాల దాకా నెలకొకసారి, 28 నుంచి 34 దాకా రెండు వారాలకొకసారి, ఆ తర్వాత వారం వారం. ప్రతి నెల 9వ తేదీన పీహెచ్‌సీలో గర్భిణుల పరీక్షలు జరుగుతాయి, 2016 నుంచి ఉన్న కార్యక్రమం. కర్నూలు పోని వారాల్లో బీపీ, మూత్రం, బరువు అక్కడ చూపించి కార్డులో రాయించండి. బిడ్డ ఎదుగుదల, డాప్లరు స్కాన్లు 28 వారాల నుంచి మూడు నాలుగు వారాలకొకటి. రక్తం గ్రూపు నెగటివ్ అయితే ఐసీటీ (బిడ్డ రక్తానికి ఎదురు తిరిగే పదార్థాలు తల్లి రక్తంలో ఉన్నాయా అని చూసే) పరీక్ష, 28 వారాలకు యాంటీ-డి 300 మైక్రోగ్రాములు. 32 వారాల నాటికి అదే గ్రూపు రక్తం ఇవ్వగల ఇద్దరి ఫోన్ నంబర్లు ఫైలు మీద ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, బండి అన్నీ 2011 నుంచి చట్టప్రకారం కాకపోయినా పథకం ప్రకారం ఉచితమే. అయినా రక్తనిధిలో నిల్వ లేని రోజు మనిషే దిక్కు.

ఇంకో చేతులు మారే చోటు ఉంది, ఊరి నుంచి పెద్దాసుపత్రికి పంపే దారి. బీపీ బాగా పెరిగి, తలనొప్పి ఉండి, ఫిట్స్ వచ్చేలా ఉంటే, మనవాళ్లు గుర్రపువాతం అనేది అదే, పత్తికొండలోనో ఆదోనిలోనో బండెక్కించేముందే మెగ్నీషియం సల్ఫేట్ వేయాలి. చెరో పిరుదుకు 5 గ్రాముల చొప్పున మొత్తం 10 గ్రాములు, లోతుగా కండలోకి. ఒక యాంప్యూల్‌లో ఒక గ్రాము, అంటే పది యాంప్యూళ్లు. నొప్పిగా ఉంటుంది, ఆమె అరుస్తుంది, ఆపనివ్వొద్దు. 34 వారాలలోపైతే బిడ్డ ఊపిరితిత్తులకు డెక్సామెథసోన్ 6 మి.గ్రా. మొదటి సూది కూడా అక్కడే వేయొచ్చు. తర్వాత 12 గంటలకొకటి చొప్పున ఇంకో మూడు. బీపీ దించే మందు కూడా అక్కడే ఇవ్వాలి. ఇవన్నీ ఏ గంటకు, ఎంత వేశారో రిఫరల్ చీటీలో రాయించుకునే దాకా కదలొద్దు. రాయకపోతే కర్నూలులో డ్యూటీ డాక్టరుకు రెండే దార్లు. వేయలేదనుకుని మళ్లీ వేస్తే మెగ్నీషియం ఎక్కువై ఊపిరి నెమ్మదించవచ్చు, వేశారనుకుని వదిలేస్తే ఫిట్స్ రావచ్చు. చీటీ మీద నాలుగు ముక్కలు చాలు: ‘మెగ్నీషియం 10 గ్రాములు, రాత్రి 11.20, బీపీ 170/112, డెక్సా ఒకటి’. బండిలో ఎడమ పక్కకు పడుకోబెట్టాలి. ఫిట్స్ వస్తే నోట్లో గరిటె పెట్టొద్దు, చేతిలో తాళంచెవి పెట్టొద్దు.

కార్డు మొదటి పేజీలో ఎర్ర సిరాతో మీరే రాయించాల్సిన వాక్యం ఇంకోటి: ‘బీపీ ఉంది, మెథర్జిన్ ఇవ్వకూడదు’. కాన్పయ్యాక రక్తం ఆగడానికి ఇచ్చే ఆ సూది బీపీని ఒక్కసారిగా పైకెగరేస్తుంది. ఆక్సిటోసిన్ ఇవ్వొచ్చు. రాత్రి డ్యూటీలో కొత్త సిస్టరు ఉన్నా ఆ వాక్యం చదువుతుంది.

కాన్పు ఎప్పుడన్నది బీపీని బట్టి. జబ్బు రాకపోతే పైన చెప్పినట్టు. తేలికగా వస్తే 37 వారాలు. తీవ్రంగా వస్తే 34, అంతకుముందే తల్లికో బిడ్డకో ప్రమాదమైతే అప్పుడే. ‘ఎనిమిదో నెల బిడ్డ బతకదు, ఏడో నెలది బతుకుతుంది’ అని ఊళ్లో ఒక మాట ఉంది. అది శుద్ధ తప్పు, కడుపులో ఉన్న ప్రతి వారమూ బిడ్డకు మేలే. కానీ ఈ జబ్బుకు మాయ బయటికి రావడమే మందు కాబట్టి, డాక్టరు ‘ఇంక తీయాలి’ అన్నప్పుడు మంచిరోజు కోసం రెండు రోజులు ఆపమని అడగొద్దు.

బిడ్డ బయటికి రాగానే అయిపోయిందనుకుంటారు. బీపీ ఎక్కువగా లేచేది కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య, సరిగ్గా ఇంటికి పంపించే రోజుల్లో. బాలింతకు ఫిట్స్ రావచ్చు. అందుకే ఆ వారమంతా మిషనుతో రోజుకు రెండుసార్లు కొలవాలి, పదో రోజులోపు డాక్టరుకు చూపాలి. ఎనలాప్రిల్ ఇప్పుడు ఇవ్వొచ్చు, పాలకు ఇబ్బంది లేదు. మిథైల్‌డోపా ఉంటే మార్చమనండి, మనసు కుంగదీస్తుంది. బాలింతకు నీళ్లు ఇవ్వకుండా, కారంపొడి అన్నం మాత్రమే పెట్టే పథ్యం ఈ మనిషికి బొత్తిగా పనికిరాదు. కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, మూత్రంలో చీము పడుతుంది, పాలు తగ్గుతాయి. రోజుకు మూడు లీటర్ల నీళ్లు, పప్పు, గుడ్డు, ఆకుకూర, ఐరన్ ఆరు నెలలు. కాన్పయిన మూడు నెలలకు మళ్లీ బీపీ, మూత్రం, క్రియాటినిన్ చూపించాలి. అప్పటికీ 140/90 ఉంటే అది గర్భం బీపీ కాదు, ఆమె సొంత బీపీ, మందు కొనసాగాలి. ఇద్దరు చాలనుకుంటే ఆపరేషన్ బల్ల మీదే ట్యూబులు కట్టించడం గురించి 34 వారాలకే మాట్లాడుకుని ఫైలులో రాయించండి. లేదా అప్పుడే కాపర్-టీ వేయించుకోవచ్చు. నొప్పుల మధ్య సంతకం అడిగితే ఆమె మనసులో మాట ఎవరికీ వినపడదు.